లేడండీ

రాజమండ్రి,
4 ఆగస్టు 2025

రత్నక్కకు,

జయకృష్ణ రాస్తున్నాను. బాగానే ఉన్నాను. ఈ ఉత్తరం ముందు జైలు ఆఫీసులో చదువుతారు, తర్వాత నువ్వు చదువుతావు, నీ తర్వాత బావ చదవకుండానే చింపేస్తాడు. కాబట్టి ఆయన కొట్టు నుంచి రాకముందే చదివెయ్యి.

ఇక్కడ లైబ్రరీలో పాత వారపత్రికలు బైండు చేసి పెట్టారు. చెదలు తిన్నంత తినగా మిగిలినవి. నిన్న ఒకటి తిరగేస్తుంటే ఏం దొరికిందో తెలుసా? నాన్న మనకు చదివి వినిపించే యుద్ధం కథ. అదే, అటక మీద సిపాయి! ఎవరు రాశారో ఇందులోనూ లేదు, ఆ పేజీ చిరిగిపోయింది.

నువ్వు మర్చిపోయి ఉంటావు, మళ్ళీ చెబుతాను విను. దివిసీమ కుర్రాడు సూరయ్య బర్మా యుద్ధంలోంచి పారిపోయి, అడవులు పట్టి నడిచి, ఒళ్ళంతా పుళ్ళతో ఇల్లు చేరతాడు. తల్లి వాణ్ణి అటక ఎక్కించి దాస్తుంది. తెల్లారి పోలీసులు మునసబును వెంటబెట్టుకుని వస్తారు. "ఏమమ్మా, మీవాడేడీ?" అంటే ఆవిడ గడపలో నిలబడి "లేడు బాబూ" అంటుంది. ఇంట్లో లేడని ఆవిడ ఉద్దేశం. ఆ ఏడుపు గొంతు విని మునసబు "చనిపోయాడు" అని రాసుకుంటాడు. ఊరంతా పలకరింపుకు వస్తుంది. ఆవిడ కూడా ఏడవాల్సి వస్తుంది. చివరికి పెద్దకర్మ భోజనాలు కూడా పెడుతుంది, పప్పు తిరగమోత వాసన అటక మీదికి పోతూ ఉంటుంది. యుద్ధం అయిపోతుంది. పారిపోయి వచ్చినవాళ్ళను ఏమీ అనమని దండోరా వేస్తారు. సూరయ్య పైనుంచి "అమ్మా, దిగనా?" అంటాడు. ఆవిడ నిచ్చెన తీసి పెరట్లో పడేసి, "ఇప్పుడు దిగితే ఊళ్ళోవాళ్ళకి ఏం చెప్పుకోనురా?" అంటుంది. అంతే కథ.

నాన్న పుస్తకం మూసి "నీతి ఏమిటి?" అనేవాడు. నువ్వు "తల్లి ప్రేమ" అన్నావు, బెల్లం ముక్క నీకు. నేను "దూకెయ్యాల్సింది" అన్నాను, మొట్టికాయ నాకు. ఇన్నేళ్ళకు మళ్ళీ చదివినా నా జవాబు అదే అక్కా. మొదటి రాత్రే దూకెయ్యాల్సింది.

పిచ్చికకు సంబంధాలు చూస్తున్నారట, కొట్లో గుమాస్తా ములాఖత్‌కు వచ్చినప్పుడు చెప్పాడు. (భానుశ్రీ అని మీరెంత గొప్ప పేరు పెట్టుకున్నా నాకు అది పిచ్చికే.) బావ గోడౌను తగలబడి ఆ హమాలీ పోయిన కేసులో, లైసెన్సు నా పేరున ఉంది కాబట్టి శిక్ష నాకు పడింది, సరే. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకెళ్ళే హక్కు కూడా మేనమామగా నా పేరునే ఉంది. దానికోసం పెరోలు పెడతాను. ముహూర్తం పెట్టగానే రాయి.

నీ తమ్ముడు
జయ

*

భవానీపురం,
14 ఆగస్టు 2025

ఒరేయ్ జయా,

కవరు మీద అంత పెద్ద జైలు ముద్రేమిట్రా! పోస్టుమాన్ వాచ్‌మన్‌కిచ్చి పోతే, అతను లిఫ్టులో మూడో ఫ్లోరు వాళ్ళ ముందే నా చేతికిచ్చాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇకనుంచి మా ఇంటికి రాయకు. నా జాకెట్లు కుట్టే తెరేసమ్మ అడ్రసు కింద రాశాను, అక్కడికి రాయి. ఆవిడ నోరు మంచిది. ఫోను మాత్రం వద్దు.

శ్రావణమాసం చలవ, మన భానుకు సంబంధం కుదిరిపోయింది. అబ్బాయి పేరు చక్రి. హైదరాబాదులో భాను ఆఫీసుకు దగ్గర్లోనే ఉద్యోగం. తండ్రి హనుమయ్య గారు, గుడివాడ, తహశీల్దారు చేసి రిటైరయ్యారు. మహా పద్ధతి మనిషి. కప్పు కింద సాసరు లేకపోతే కాఫీ ముట్టుకోరు. పెళ్ళిచూపుల నాడు భాను ఇంకా లోపల ముస్తాబవుతుండగానే "అమ్మాయికి మేనమామలెందరండీ?" అని అడిగారు. "ఒక్కడేనండీ. లేడండీ" అన్నాను. ఆయన "అలాగా" అని తలూపి ఊరుకున్నారు. ఆ క్షణాన అమ్మవారే నా నోట్లో ఆ మాట పెట్టింది.

పెళ్ళి కార్తీకం వెళ్ళగానే, మూఢం రాకముందే. మండపం దొరకడమే గండమైపోయింది. నువ్వు పెరోలనీ అదనీ తొందరపడకు. ఆ బస్సుల్లో, ఆ తిండితో నీ ఆరోగ్యం ఏం కాను?

కథ గుర్తుందిరా. తల్లి ప్రేమే. ఆవిడ ఆ మాట అనకపోతే కొడుకును కాల్చి పారేసేవాళ్ళు. నిచ్చెన సంగతి మాత్రం నాకు గుర్తు లేదు. నీ సొంత కవిత్వమేమో.

అక్క
సుబ్బరత్నం

*

రాజమండ్రి,
28 ఆగస్టు 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి బ్యారక్‌లో అందరికీ చెప్పాను. ఒకాయన స్వీటేదీ అన్నాడు. పొద్దున ఉప్మాలో జీడిపప్పు ఒకటి వస్తే ఆయనకే ఇచ్చేశాను.

లేడండీ అని భలే చెప్పావు. నిజమే కదా, ఊళ్ళో లేను. అబద్ధమూ కాదు, గొడవా లేదు. పెళ్ళినాటికి వచ్చేస్తే "అరుగో, వచ్చారు" అంటారు, అయిపోతుంది. దూరాన ఉద్యోగమని చెప్పుకుందాం, నేనూ అలాగే నడుచుకుంటాను.

పెరోలు కాగితం పెట్టేశాను. తొందరపడొద్దన్నావు కానీ ఇవి త్వరగా తేలవట. నేనుండబోయే ఇల్లు చూడ్డానికి మీ స్టేషను నుంచి ఒక కానిస్టేబులు వస్తాడు. కాఫీ ఇచ్చి, "మా తమ్ముడేనండీ, మా దగ్గరే ఉంటాడు" అని ఒక్క మాట చెప్పు చాలు.

వంటశాలలో బియ్యం బస్తాలు నేనే మోస్తున్నాను, అడిగి మరీ. ఇంతకీ పిచ్చిక ఎంత బరువైంది? హైదరాబాదు బిర్యానీలు మరిగిందంటే చెప్పు, ఇంకో బస్తా అలవాటు చేసుకుంటాను.

జయ

*

భవానీపురం,
10 సెప్టెంబరు 2025

జయా,

నీకు బుద్ధుందా? వియ్యపురాలు గారు పట్టుచీరల రంగు మాట్లాడదామని వచ్చి సోఫాలో కూర్చుని ఉన్నారు. బెల్లు కొడితే తలుపు తీశాను. కానిస్టేబులు! "జయకృష్ణ అనే ఆయన ఉండేది ఇక్కడేనామ్మా?" అన్నాడు. వెనకనుంచి ఆవిడ మెడ చాచి చూస్తోంది. నేనేం చెయ్యను? "లేడండీ" అన్నాను. "వస్తే ఉండేది ఇక్కడేనా?" అన్నాడు. "లేడని చెబుతున్నానా!" అని తలుపేశాను. ఏం రాసుకున్నాడో నాకు తెలియదు.

ఇంక దాచి లాభం లేదు, చెబుతున్నా విను. హనుమయ్య గారు ఆ రోజు "అలాగా" అని ఊరుకున్నారని రాశాను కదా. వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ "చిన్న వయసేనేమో కదండీ, ఏమైంది?" అన్నారు. నాకు అప్పుడు అర్థమైంది, ఆయన లేడంటే పోయాడనుకున్నారు. నేను నోరు తెరిచేలోపల మీ బావ "గుండెపోటండీ" అనేశారు. ఆయన పాపం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అలా బాధపడుతున్న మనిషికి, కాదండీ జైల్లో ఉన్నాడండీ అని ఏ నోటితో చెప్పమంటావు?

తర్వాత వాళ్ళు రాకపోకలు మొదలెట్టారు. హాల్లో ఫోటో లేకపోతే ఏమనుకుంటారు? నీ ఫోటో పెట్టి దండ వేశాం. పెళ్ళయ్యేదాకానేరా. ఆ తల్లి మాత్రం తన సుఖం కోసం అందా ఆ మాట? నువ్వే ఆలోచించు.

అక్క

*

రాజమండ్రి,
22 సెప్టెంబరు 2025

అక్కా,

పెరోలు రాలేదు. "సదరు ఖైదీని ఇంటివారు ఉంచుకొనుటకు నిరాకరించినారు" అని రిపోర్టు వచ్చింది. నిన్న మహాలయ అమావాస్య. తిథి సరిగ్గా చూసే పంపారు.

ఏ ఫోటో పెట్టావు? పాన్‌కార్డు ఫోటో అయితే తీసెయ్యి, అందులో నిజంగానే పోయినవాడిలా ఉంటాను. దండ ప్లాస్టిక్‌దా, పూలదా? పూలదైతే రోజూ మార్చాలి, నీకు శ్రమ.

నవ్వు రావడం లేదక్కా. రాత్రి నుంచి ఒకటే ఏడుపు, పక్కవాళ్ళు ఎవరు పోయారని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

కథలో తల్లి పోలీసులకు భయపడి ఆ మాట అంది. నువ్వు సాసరు లేని కప్పు ముట్టుకోనివాడికి భయపడి అన్నావు. రెండూ ఒకటేనా? నేనిక్కడికి ఎందుకొచ్చానో, ఎవరి బదులు వచ్చానో ఈ కాగితం మీద రాయను, ముందు చదివేవాళ్ళు వేరే ఉన్నారు. నీకు తెలుసు, బావకు తెలుసు. చాలు.

ఒక్కటే అడుగుతాను. భానును అడుగు. మావయ్య రానా వద్దా అని దాన్నే అడుగు. అది వద్దంటే ఇంక నా నోటి వెంట పెళ్ళి మాట రాదు.

జయ

*

భవానీపురం,
6 అక్టోబరు 2025

జయా,

అడిగాను. వద్దంది.

కోపగించుకోకు. దాని భయం దానిది, కొత్త కాపురం కదా. "మావయ్యకు నువ్వే నచ్చజెప్పమ్మా" అంది. గంప మన చిన్నాన్నగారి బసవయ్య మోస్తాడు, వరసకు వాడూ మేనమామే.

పెళ్ళి పనులు మొదలెట్టేముందు పెద్దలకు బట్టలు పెట్టుకోవాలి కదా. హనుమయ్య గారు ఫోను చేసి మరీ, "బావమరిదిగారికి కూడా పెట్టండి, శుభం" అన్నారు. అమ్మా నాన్నల ఫోటోల ముందు చీర, పంచె పెట్టి, నీ ముందు కూడా ఒక పంచెల చాపు పెట్టాం. జరీ అంచు, మంచిది. పెట్టిన బట్టలు ఇంట్లోవాళ్ళే కట్టుకోవాలంటారు, మీ బావ కట్టుకున్నారు. అచ్చు నీకు కొన్నట్టే సరిపోయింది.

ఏడవకురా. నేను మాత్రం ఏడవడం లేదా?

అక్క

*

రాజమండ్రి,
24 అక్టోబరు 2025

అక్కా,

హైకోర్టులో నా అప్పీలు తేలింది. ఇన్నాళ్ళు ఉన్నది చాలన్నారు. నవంబరు రెండో వారంలో వదిలేస్తారు. పెరోలు కాదు, విడుదల. మళ్ళీ వచ్చేది లేదు.

పిచ్చిక వద్దందని రాశావు. మాటిచ్చాను, గంప అడగను. కానీ బయటికి వచ్చినవాడు ఎక్కడో ఒకచోటికి రావాలి కదా. నాకున్నది మీ ఇల్లే. మండపంలో వెనక కుర్చీల్లో కూర్చుని నాలుగు అక్షింతలు వేసి వెళ్ళిపోతాను.

జయ

*

భవానీపురం,
3 నవంబరు 2025

జయా,

మా ఇంటికి రావద్దు. కాళ్ళు పట్టుకుంటాను, రావద్దు. శుభలేఖలు పంచేశాం. హాల్లో నీ ఫోటో చూడనివాళ్ళు లేరు. ఆ ఫోటో కింద నువ్వొచ్చి కూర్చుంటే పెళ్ళి ఆగిపోతుంది, భాను ఏ నుయ్యో చూసుకుంటుంది. ఆ పాపం నీకే.

అంతగా చూడాలనుంటే ఒక దారి ఉంది. వంటల కాంట్రాక్టు యేసుకుమార్ అని, బందరు అతను. నమ్మకస్తుడు. అతనికి చెప్పాను, తెలిసినవాడు ఒకడొస్తాడు, పని ఇవ్వమని. వాళ్ళందరికీ టోపీ, మూతికి మాస్కు ఉంటాయి, ఎవరూ పోల్చుకోరు. వడ్డనకు మాత్రం రాకు, లోపలే ఉండు. తాళి కట్టేటప్పుడు తలుపు దగ్గర నిలబడి చూసుకో. పెళ్ళయ్యాక అతని దగ్గరే పని చేసుకో, బందరు మంచి ఊరు.

నీకోసం ఇంతకన్నా ఎవరు చేస్తారు చెప్పు?

అక్క

*

విజయవాడ, బస్టాండు దగ్గర లాడ్జి,
25 నవంబరు 2025

అక్కా,

ఇది మొదట చదివేది నువ్వే. ముద్ర లేదు. కాబట్టి ముందు ఆ మాట రాసేస్తాను. మంటలు లేచి హమాలీ లోపల చిక్కుకున్నప్పుడు గోడౌను వెనక తలుపు తాళంచెవి బావ జేబులో ఉంది. ఆయన సినిమాలో ఉన్నాడు. నువ్వు నా చేతులు పట్టుకుని "పెళ్ళికావాల్సిన పిల్ల తండ్రిరా" అన్నావు. సరేనన్నాను. ఇప్పుడు ఎవరికీ చెప్పబోవడం లేదు, ఒకసారి పూర్తిగా రాసి చూసుకోవాలనిపించింది.

పెళ్ళిలో జరిగింది నీకు సగమే తెలుసు. మిగిలింది చెబుతాను.

నేను నువ్వన్నట్టే లోపలే ఉన్నాను. గారెల పిండి రుబ్బాను. బసవయ్యకు గంప ఎత్తబోతే నడుం పట్టేసింది. హనుమయ్య గారే వంటశాల గుమ్మంలోకొచ్చి "బలమైనవాడు ఒకడు రండయ్యా, ముహూర్తం దాటిపోతోంది" అన్నారు. అందరూ నా వైపు చూశారు. బస్తాలు మోసేది నేనే కదా. వెళ్ళాను. నువ్వు దూరంనుంచి చూసి పాలిపోయావు, నేను చూశాను.

ఎత్తాను. గంప కొంచెం ఊగింది. పిచ్చిక తల వంచుకునే, నాకు మాత్రమే వినపడేట్టు అంది, "మెల్లగా అండీ. మా మావయ్య ఉంటే ఇలా ఊగేది కాదు. పోయిన వేసవిలో పోయాడు, ఆఖరి చూపు కూడా దక్కలేదు నాకు."

నువ్వు దాన్ని అడగలేదు. వద్దని అది అనలేదు. దానికి కూడా నేను పోయానని చెప్పారు.

నాకు ఒళ్ళు తెలియలేదక్కా. "కదలకు పిచ్చికా, పడతావు" అనేశాను.

అది తలెత్తి నా కళ్ళలోకి చూసింది. అంతే. పీటల దాకా మోసి దించి, లోపలికెళ్ళి పిండి ముందు కూర్చున్నాను. అప్పగింతలప్పుడు భాను నీ భుజం మీద వాలకుండా గుంజలా నిలబడింది కదా, అత్తారింటికి వెళ్తున్న బెంగ అని అందరూ అనుకున్నారు. నువ్వూ అదే అనుకుని ఉంటావు.

ఇంక నీతి గురించి మనం వాదించుకోవద్దు. నాన్న ఉంటే ఇద్దరికీ మొట్టికాయలే.

జయ

*

భవానీపురం,
29 నవంబరు 2025

జయా,

యేసుకుమార్‌కి ఇచ్చి పంపిస్తున్నాను, చదివి చింపెయ్యి.

భాను నోరు జారుతుందని దానికి కూడా అలాగే చెప్పాం. దానికి అబద్ధమాడటం చేతకాదు, చిన్నప్పటినుంచీ అంతే. నువ్వు ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏం పోయేది?

నిన్న ఫోను చేసింది. నేను అమ్మనని కూడా చూడలేదు. "పదహారు రోజుల పండక్కి నేను వచ్చేసరికి మావయ్య హాల్లో కూర్చుని ఉండాలి. ఫోటో ఉండకూడదు. లేకపోతే మా మావగారికి అంతా నేనే చెబుతాను, తాళం సంగతి కూడా. నాన్నేం అవుతారో అవనీ. కాపురం పోయినా సరే" అంది. తాళం సంగతి దానికి ఎప్పుడు తెలిసిందో, ఎన్నాళ్ళనుంచి మింగుకుని ఉందో! మీ బావ రెండు రోజులుగా మంచం దిగలేదు.

అది అన్నంత పనీ చేస్తుంది. హనుమయ్య గారు దాన్ని ఇంట్లో ఉంచుకోరు. మోసం చేసి పిల్లనిచ్చారంటారు. చక్రి మంచివాడే, తండ్రి ముందు నోరెత్తడు. పారాణి ఆరకుండానే పుట్టింటికి వచ్చేస్తుంది. నీకది కావాలా?

అది నీ మాటొక్కటే నమ్ముతుంది. నంబరు కింద రాశాను. ఫోను చేసి, పోయావని చెప్పమన్నది నువ్వేనని చెప్పు. సిగ్గేసి అలా చెప్పించావని చెప్పు. తాళం కూడా నీ దగ్గరే ఉందని చెప్పు. కోర్టులో అన్నావు కదా, మళ్ళీ ఒక్కసారి. నీకు పోయేదేముందిరా? నీకు పెళ్ళామా, పిల్లలా?

అక్క

*

మచిలీపట్నం,
5 డిసెంబరు 2025

అక్కా,

చేశాను.

మొదట గొంతు విని చాలాసేపు ఏడ్చింది. "నువ్వు ఇంటికొచ్చెయ్ మావయ్యా, నేను చూసుకుంటాను, ఎవరేమంటారో చూస్తాను" అంది. దాని వయసుకు ఆ ధైర్యం ఎక్కడిదో. దాన్ని ఎత్తుకుని పెంచినందుకు నాకు గర్వంగా అనిపించింది. ఆ తర్వాత నువ్వు చెప్పమన్నది చెప్పాను.

"అమ్మ తప్పేం లేదమ్మా. జైలు మావయ్య అనిపించుకోలేక, పోయానని చెప్పమని నేనే పోరాను. తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది. తాగి ఉన్నాను. మీ నాన్న మీద నీకు ఎవరు చెప్పారో గానీ, అది నిజం కాదు."

అవతల గది తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది.

"నేను అన్నం మానేసి ఏడ్చాను. ఆఫీసులో బాత్‌రూములో కూర్చుని ఏడ్చేదాన్ని. నీకు తెలుసా అది?" అంది.

"తెలియదమ్మా" అన్నాను.

"ఆ హమాలీ కూతురికి నా జీతంలోంచి ఇప్పటికీ ఫీజు కడుతున్నాను, మా నాన్న చేసిన పాపమని. నువ్వు చేసిందా?"

"నేనే" అన్నాను.

అప్పుడు దాని గొంతు మారింది. పుట్టి మాటలు వచ్చిన దగ్గర్నుంచి నన్ను నువ్వు అనే పిల్ల, "ఇంకెప్పుడూ నాకు ఫోన్ చెయ్యకండి" అంది. అండీ అంది అక్కా.

హనుమయ్య గారికి చెప్పదు. నీమీద కోపం కూడా పోయింది. అనవసరంగా అమ్మను అన్నాను అని బాధపడింది. బావను మంచం దిగమను.

పదహారు రోజుల పండక్కి ఇద్దరూ వస్తున్నారు. దానికి పూర్ణాలు ఇష్టం, వేడిగా ఉన్నప్పుడే నెయ్యి వేసి పెట్టు.

జయ